గుడివాడలో దిగిన విజయవాడ టికెట్టు

రమాదేవి పుట్టింది దివిసీమలో, అవనిగడ్డ పక్కన. ఆ ఊరికి రైలు లేదు. పెళ్ళై బందరు వచ్చాకే ఆవిడ మొదటిసారి రైలెక్కింది. ఆ తర్వాత రైలు ఆవిడను వదల్లేదు. గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గుమాస్తాగా చేరి, ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు పొద్దున్నే బందరు పక్కనే ఉన్న చిలకలపూడిలో ప్యాసింజరెక్కి గుడివాడలో దిగింది. సాయంత్రం గుడివాడలో ఎక్కి చిలకలపూడిలో దిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ కొన్నవన్నీ సీజన్ టికెట్లే.

కాలేజీలో ఆవిడంటే పిల్లలకు హడలు. దరఖాస్తులో ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపేది. ఆఖరి తేదీ నిన్నటిదైతే ఇవాళ ప్రిన్సిపాల్ చెప్పినా కాగితం తీసుకునేది కాదు. కిటికీ బయట నిలబడి తిట్టుకున్న వాళ్ళున్నారు, ఉద్యోగాలొచ్చాక మిఠాయి పట్టుకొచ్చిన వాళ్ళూ ఉన్నారు. ఎవరేమనుకున్నా ఆవిడకు పట్టేది కాదు. కిటికీకి లోపలివైపు కూర్చున్న మనిషికి రూలు తెలిసుండాలి, అంతే.

జూన్లో రిటైరైంది. సెప్టెంబరుకల్లా చూపు కాస్త మసకేసింది. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు సుప్రజ కళ్ళడాక్టరు దగ్గర టైము తీసుకుంది. "పొద్దున్న రైలుకి వచ్చెయ్యమ్మా, నేను స్టేషనుకొస్తాను" అంది. అలా రమాదేవి చిలకలపూడి కిటికీ దగ్గర నిలబడి, విజయవాడకు మామూలు టికెట్టు తీసుకుని అదే రైలెక్కింది.

పెడనలో అంకమ్మరావు ఎక్కాడు. గుడివాడలో బట్టల కొట్లో పనిచేస్తాడు, పద్దెనిమిదేళ్ళుగా ఇదే రైలు, ఇదే పెట్టె. ఆవిడను చూసి మొహం చేటంతైంది.

"మేడమ్ గారూ! ఎన్నాళ్ళయిందండీ! ఎక్కడికి ఈ ప్రయాణం?"

"విజయవాడకండీ. కళ్ళు చూపించుకోవాలి."

"మంచిదండీ, అశ్రద్ధ చెయ్యకూడదు" అన్నాడు ఆయన. తన ఇంటి సంగతులు, కొట్టు సంగతులు చెప్పుకొచ్చాడు. కవుతరం దాటింది. గుడ్లవల్లేరు దాటాక ఆయనకు ఎప్పటిలాగే కునుకు పట్టింది. రమాదేవి కిటికీలోంచి పొలాల వంక చూస్తూ కూర్చుంది. ఏమీ ఆలోచించలేదు. అదే ఆవిడకు తర్వాత బాగా గుర్తున్న సంగతి, తను ఏమీ ఆలోచించకపోవడం.

గుడివాడ వచ్చింది. అంకమ్మరావు ఉలిక్కిపడి లేచి, తన క్యారేజీ ఒక చేత్తో, పైన ఉన్న ఆవిడ బ్యాగు ఇంకో చేత్తో తీసుకుని, "రండి మేడమ్ గారూ" అంటూ దిగాడు. ఆవిడ వెనకే దిగింది. ఇద్దరూ వంతెన ఎక్కి దిగి స్టేషను బయటికొచ్చారు. ఆయన బ్యాగు అందించి, "వస్తానండీ" అని సైకిల్ స్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఎదురుగా రోజూ ఎక్కే రత్నం ఆటో ఉంది. ఆవిడ ఎక్కి కూర్చుంది.

బస్టాండు మలుపు దాటాక రత్నం అద్దంలోంచి చూశాడు. "ఏంటమ్మా, రిటైరైపోయారన్నారు? మళ్ళీ పిలిచారా ఏంటి?"

"ఎవరు?"

"కాలేజీ వాళ్ళమ్మా."

రమాదేవి ఒళ్ళో బ్యాగు వైపు చూసుకుంది. జిప్పు సందులోంచి సుప్రజ కోసం కట్టిన గోంగూర పచ్చడి సీసా మూత కనబడుతోంది.

"రత్నం, ఆపు. వెనక్కి తిప్పు."

వాళ్ళు తిరిగొచ్చేసరికి రైలు వెళ్ళిపోయి అయిదు నిమిషాలైంది.

రైలు తప్పిపోయినందుకు ఆవిడకు పెద్ద బాధ లేదు, ఇంకోటుంది. బాధంతా చేతిలో టికెట్టు గురించి. దాని మీద విజయవాడ అని ఉంది. తనేమో గుడివాడలో దిగి, దర్జాగా బయటికెళ్ళి, ఆటో కూడా ఎక్కింది. ఇప్పుడు లోపలికి ఏ హక్కుతో వెళ్ళాలి? ఈ టికెట్టు బతికుందా, చచ్చిందా? గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగెయ్యడానికి మనసొప్పక, టికెట్ల కిటికీ దగ్గర వరసలో నిలబడింది.

"విజయవాడకి టికెట్టుందండీ. కానీ ఇక్కడ దిగాను. దిగొచ్చా?"

లోపలి కుర్రాడు తలెత్తాడు. "దిగారు కదండీ."

"దిగాను. దిగొచ్చా అని అడుగుతున్నాను."

"ముందు స్టేషన్లో దిగితే తప్పేం లేదండీ. మిగతా ప్రయాణం మీరు వదులుకున్నట్టు."

"నేను వదులుకోలేదండీ."

"మరెందుకు దిగారు?"

వరసలో వెనక ఎవరో దగ్గారు.

"ఇదే టికెట్టుతో తర్వాతి రైలెక్కొచ్చా?"

"కుదరదండీ. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కాలంటే అయిదొందల కిలోమీటర్లు దాటిన టికెట్టుండాలి. మీది వంద కూడా లేదు."

ఆవిడ పక్కకు జరిగింది. వెనకున్న, నందివాడ నుంచి వచ్చిన ఒకావిడ జాలిపడి, "అదేంటండీ, టికెట్టుకి మూడు గంటలు టైముంటుంది. ఈలోపు ఏ రైలైనా ఎక్కొచ్చు. మా మరిది ఎక్కుతాడు" అంది. రమాదేవికి ఆశ పుట్టింది. మళ్ళీ వరస చివర నిలబడి కిటికీ దగ్గరకొచ్చింది.

"మూడు గంటలు టైముంటుందట కదండీ?"

"అది మొదట రైలెక్కడానికండీ. మీరు ఎక్కేశారు. దిగేశారు కూడా" అన్నాడు అతను, ఓపిగ్గానే.

అతను చెప్పింది సబబుగానే ఉంది. తనైనా అదే చెప్పేది, ఇంకాస్త కటువుగా. కానీ కిటికీకి ఇటువైపు నిలబడితే అదే మాట ఇంకోలా వినబడుతోంది. కావాలని దిగిన వాళ్ళకూ, తెలియక దిగిన వాళ్ళకూ రూలు ఒకటేనా? తెలియక అనడానికి కూడా లేదు. గుడివాడ అని తెలుసు. ఆ బోర్డు చూసింది. తెలిసే దిగింది. దిగాలనుకోలేదు, అంతే. ఈ ముక్క ఎవరికి చెబితే అర్థమవుతుంది? తనకే అర్థం కావడం లేదు.

ఇంకో టికెట్టు తీసుకుని ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుంది. పర్సులో రెండు టికెట్లు. ఏది చూపించాలో మర్చిపోతానేమోనని కొత్తదాన్ని పిడికిట్లో పట్టుకుంది.

సుప్రజకు ఫోన్ చెయ్యాలి. ఏమని చెయ్యాలో తోచక అలాగే కూర్చుంది. చివరికి సుప్రజే చేసింది.

"అమ్మా, రైలొచ్చేసింది. ఏ పెట్టెలో ఉన్నావు?"

"గుడివాడలో ఉన్నానే."

"గుడివాడేంటి? రైలు ఇక్కడుంటేనూ!"

"రైలు వచ్చింది. నేను రాలేదు. దిగాను."

"ఎందుకు దిగావు?"

"అంకమ్మరావుగారు బ్యాగు తీసుకుని దిగారు."

"ఎవడు? బ్యాగు ఎత్తుకుపోయాడా?"

"ఛ ఛ, ఆయన చాలా మర్యాదస్థుడు. బ్యాగు ఇచ్చే వెళ్ళారు. నేను ఆటో ఎక్కాను, కాలేజీకి."

సుప్రజ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా వినబడింది. "అమ్మా, అక్కడే కూర్చో. ఎక్కడికీ కదలకు. తర్వాతి రైలెక్కి నాకు ఫోన్ చెయ్. సరేనా?"

అది చిన్నపిల్లలతో మాట్లాడే గొంతు. కోప్పడినా బాగుండేది.

కంటికి శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోందని, తొందరేం లేదని డాక్టరు చెప్పాడు. సుప్రజ నెమ్మదిగా మతిమరుపు మాట కదిపింది. "అది నేను చూసేది కాదమ్మా" అన్నాడు ఆయన. ఆ సాయంత్రం కూతురి ఇంట్లో కాఫీ తాగుతూ రమాదేవి తనను తానే పరీక్షించుకుంది. చిలకలపూడి నుంచి గుడివాడ దాకా స్టేషన్లు వరసగా చెప్పుకుంది, తిరగేసి చెప్పుకుంది. తను ఆఖరుసారి సంతకం చేసిన హాజరు పట్టీలో పేర్లన్నీ గుర్తున్నాయి. అన్నీ గుర్తుండి, తను ఎక్కడికి వెళ్తున్నదో అదొక్కటే ఎలా పోయింది మనసులోంచి?

మర్నాడు సాయంత్రం సుప్రజ తనే టికెట్టు కొని, తనే సీట్లో కూర్చోబెట్టి, "చిలకలపూడిలోనే దిగాలి" అని రెండుసార్లు చెప్పి పంపింది. గుడివాడలో జనం ఎక్కారు. వాళ్ళలో అంకమ్మరావు కూడా ఉన్నాడు. ఆవిడను చూడగానే రెండు చేతులూ జోడించేశాడు.

"క్షమించండి మేడమ్ గారూ! నిన్న మధ్యాహ్నం గుడ్డ చింపుతుంటే తట్టిందండీ, మీరు విజయవాడ అన్నారు కదా అని. చెయ్యి అక్కడే ఆగిపోయింది. స్టేషనుకొచ్చి వెతికాను కూడా. మిమ్మల్ని నేనే దింపేశానండీ!"

"లేదండీ, నేనే దిగాను."

"బ్యాగు నేను తీశాను కదండీ."

"మీరు తీస్తే నేను ఆపాలి కదండీ."

ఆవిడకు సగం భారం దిగినట్టైంది, ఆయనకూ ఇలాగే జరిగింది కదా అని. మళ్ళీ అంతలోనే ఇంకో చిక్కు. ఇద్దరూ మర్చిపోతే అసలు ఎవరు మర్చిపోయినట్టు? టికెట్టు సంగతి చెప్పేసరికి అంకమ్మరావు మండిపడ్డాడు. "పాత టికెట్టే చెల్లుతుందండీ! మీరు కావాలని దిగలేదు. నేను దింపాను. అందులో మీ తప్పేముంది?" పక్కనున్న లెక్చరరు చెల్లదన్నాడు. ఎదురుగా ఉన్న బంటుమిల్లి పెద్దాయన, స్టేషను దాటి బయటికెళ్ళకపోతే చెల్లుతుందన్నాడు. ఒకరు స్టేషను మాస్టరు సంతకం కావాలన్నారు. ఒకరు ఫోను తీసి చదివి వినిపించారు, ఎవరికీ ముక్క అర్థం కాలేదు. అంకమ్మరావు మాత్రం పట్టు వదల్లేదు.

చిలకలపూడి వచ్చింది. రమాదేవి బోర్డు రెండుసార్లు చదువుకుని లేచింది. అంకమ్మరావు ఆవిడ బ్యాగు అందుకుని, ఇంకా వాదిస్తూనే ముందు దిగాడు. రైలు కదిలింది. ఆయన చుట్టూ చూశాడు.

"మేడమ్ గారూ... పెడన ఏదండీ?"

పెడన వెనకెక్కడో వెళ్ళిపోయింది. ఆయన సీజన్ టికెట్టు పెడన వరకే. "పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా టికెట్టు లేకుండా ప్రయాణం చెయ్యలేదండీ. ఇప్పుడు నేను దొంగనేనా?"

"పదండి, అడుగుదాం" అంది రమాదేవి.

కిటికీ లోపలున్న ఆవిడ అంతా విని కళ్ళద్దాలు తీసింది. "రైల్లో ఉండగానే టీసీకి చెబితే పొడిగించి రాసేవారండీ. ఇప్పుడు దిగిపోయారు కదా."

"అయితే తప్పేనా?"

"ముందు దిగితే తప్పు కాదు. దాటొచ్చి దిగితే తప్పే. కానీ జరిమానా రాయాల్సింది టీసీ. ఇప్పుడిక్కడ టీసీ లేరు."

"పోనీ పెడన నుంచి ఇక్కడికి ఒక టికెట్టివ్వండి" అంది రమాదేవి.

"వచ్చేశాక వచ్చిన దారికి ఎలా ఇస్తానండీ? పెడన వెళ్ళడానికి కావాలంటే ఇస్తాను. గంటలో రైలుంది."

అంకమ్మరావు ఆ టికెట్టే తీసుకున్నాడు. గంటసేపు స్టేషన్లో ఎందుకని రమాదేవి ఆయన్ను ఇంటికి తీసుకెళ్ళింది. ఆవిడ భర్త రఘునందన్ బందరు కోర్టులో టైపిస్టుగా చేసి మానేసినవాడు. వాళ్ళిద్దరూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ చెప్పిందంతా విన్నాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇంతకీ తప్పు ఎవరిదంటారు?" అన్నాడు.

రైలు టైముకి రమాదేవి తనే స్టేషనుకి తోడొచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక బయట నుంచి చెప్పింది, "అంకమ్మరావుగారూ, తర్వాతిదే పెడన. ఎవరితోనూ మాట్లాడకండి."

"మాట్లాడనండీ" అన్నాడు ఆయన బుద్ధిగా.

రైలు వెళ్ళిపోయినా ఆవిడ ఇంటికి పోలేదు. ప్లాట్‌ఫారం మీదే ఫోను చేత్తో పట్టుకుని నిలబడింది. కాసేపటికి అది మోగింది.

"దిగానండీ" అన్నాడు అంకమ్మరావు. వెనక రైలు కదులుతున్న చప్పుడు వినబడుతోంది. "పెడనేనండీ. బోర్డు కింద నిలబడి మాట్లాడుతున్నాను."