ఏ జాబితాలోనూ లేని ఐదో చరణం

పురాణం చదివే అలవాటున్నవాళ్ళు వంశాల అధ్యాయాలకు బెదరరు. ఎవరి తర్వాత ఎవరు ఏలారు, ఏ రాజ్యం ఎవరి చేతికి పోయింది అని పుటల కొద్దీ సాగుతుంది. మా గుడి పారాయణంలో చాలామంది ఆ చోట కునుకు తీస్తారు. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ అవే ఇష్టం. అందుకే పోయిన ఏడాది ఒక పెద్ద మీడియా సంస్థ ఆస్తుల జాబితా చదవాల్సి వచ్చినప్పుడు నాకు అది కొత్త అనిపించలేదు.

నేను ఆదోనిలో ఒక పత్తి మండీలో ఉత్తరాలు రాసే పని చేస్తాను. పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల వీధి. ప్రతి ఏకాదశికీ పని ముగించుకుని బస్సెక్కి అక్కడి గుడికి పోతాను. దీపాలు పెట్టే వేళకు భజన మొదలవుతుంది. రెండేళ్ళుగా మా వదిన తన ఫోన్‌ను స్టాండుకు తగిలించి, భజనను జరుగుతుండగానే వీడియో పేజీలో చూపిస్తోంది. కోసిగి వైపు ఊళ్ళనుంచి సుగ్గికి పోయినవాళ్ళు, అంటే ఇక్కడ పనుల్లేని నెలల్లో గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళి గుడారాల్లో ఉండేవాళ్ళు, అక్కడే కూర్చుని చూస్తారు. తాళాలు తీసుకుపోయినవాళ్ళు మాతోపాటే వేస్తారు.

ఒక ఏకాదశి మరుసటి రోజు పేజీకి హెచ్చరిక వచ్చింది. భజన చివర మేము పాడిన తత్వం ఫలానా సంగీత సంస్థ సొత్తని, అనుమతి లేకుండా వాడుకున్నామని. తర్వాతి ఏకాదశికి రెండోది వచ్చింది. మూడోది వస్తే పేజీ మూసేస్తామని దాని కింద రాసి ఉంది.

ఆ తత్వం పాడేది మా భజన గురువు. ఎనభై దాటిన మనిషి, మగ్గం దిగి పదేళ్ళయింది. అందరం పెద్దాయన అంటాం. పాట కట్టింది ఆయన తాత. వదిన గుడి అరుగు మీద హెచ్చరిక చదివి వినిపిస్తే, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని నా వైపు తిరిగారు.

"ఏమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నా గొంతు నేనే దొంగిలించినానని అంటాండారా వీళ్ళు?"

"మీరు కాదు పెద్దాయనా, నా ఫోను దొంగిలించిందంట" అంది వదిన. "దొంగసొత్తు దాసినదాన్ని నేను."

ఆయన నవ్వి, అప్పుడు చెప్పారు. వయసులో ఉండగా, అప్పట్లో క్యాసెట్లు వేసే ఆ సంగీత సంస్థవాళ్ళే పిలిపించి ఆ పాట పాడించుకున్నారట.

"శాలువా కప్పి, పది క్యాసెట్లు చేతిలో పెట్టినారు. కాయితం మీద యాడ సంతకం పెట్టమంటే ఆడ పెట్టినాను. ఐదో చరణం ఎత్తుకునేలోపల టేపు అయిపాయె. అద్దం అవతలున్న ఆయప్ప, సాలు, అని చెయ్యి అడ్డం పెట్టినాడు. నాలుగుతోనే దించేసినాను."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఎందుకో మాకు తెలుసు. తత్వంలో మొదటి చరణం పడుగు, రెండోది పేక, మూడోది పేకను అటూ ఇటూ నడిపే నాడె, నాలుగోది నేసే చెయ్యి. ఐదో చరణంలో నేసిన పంచెను మగ్గం మీదనుంచి కోసి స్వామికి అప్పగిస్తాడు. "నేసిన పంచె నాది కాదు, నేయించినవానిది" అని, పాట కట్టినవాని పేరు చెప్పుకుని, అంకితం ఇస్తాడు. మా భజనలో అంకితం పాడకుండా పాట దించడం తప్పు. ఆ తప్పు తనచేత క్యాసెట్లో జరిగిపోయిందని ఆయనకు ఇన్నేళ్ళూ గుచ్చుకుంటూనే ఉంది.

"ఆ పాటొక్కటి ఇడిసిపెడితే పేజీ నిలుస్తాది కదా" అంది వదిన, మెల్లగా.

"ఇడిసిపెడదాంలేమ్మా. సుగ్గోళ్ళు సూస్తాండారు. నేను ఇంగెన్నాళ్ళు పాడతాను" అన్నారు పెద్దాయన.

ఆ వారమే మిరపతోటనుంచి ఒక కోసిగి ఆమె వదినకు ఫోన్ చేసింది. వదిన విషయం చెప్పింది. అప్పుడామె అంది: "అక్కా, మేము కూకోనుండేది ఆ మగ్గం పాట కోసరమే. మా మామ పోయినపుడు ఆ పెద్దాయనే వచ్చి పాడినాడు. అది తీసేసినాక పేజీ ఉంటే ఏమి, పోతే ఏమి."

పాటా ఉంటుంది, పేజీ కూడా ఉంటుంది అని వదినతో చెప్పాను. స్వామికి అప్పగించిన వస్తువును ఎవరో తీసుకుపోతారని నేను ఒక్క రోజు కూడా నమ్మలేదు.

కానీ మొదట తప్పు చేశాను. భజన వరసలో కూర్చున్నప్పుడు, ఇంకొకరు పాడే పాట ఎత్తుకోవాలంటే వాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించి సెలవడుగుతాం. అది మర్యాద. ఆ అలవాటుతోనే హెచ్చరికలో ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను: అయ్యా, ఈ పాటను ఏకాదశినాడు పాడుకోవడానికి సెలవివ్వండి అని. మూడో రోజు జవాబుగా ఒక ఫారం వచ్చింది. హక్కుల కొనుగోలుకు మీ దరఖాస్తు అందింది, ఎన్ని తెరల మీద చూపిస్తారో నింపండి అని.

వదిన అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దొంగతనం ఒప్పుకోని, ఆ సొత్తు మళ్ళా కొంటామని రాసిచ్చినావా? బాగుంది వకాలత్తు."

నవ్వితే నవ్వింది. ఆ ఫారం అడుగున సంగీత సంస్థ యజమాని ఎవరో రాసి ఉంది. పత్రికలు, టీవీలు అన్నీ ఉన్న ఒక పెద్ద సంస్థ. మధ్యాహ్నం మండీలో వేలం ముగిశాక, వాళ్ళ చరిత్ర చెప్పే పుట తెరిచి పారాయణంలా మొదటి వరుసనుంచి చదివాను. దినపత్రికలు, వార్తల ఛానెళ్ళు, సీరియళ్ళ ఛానెళ్ళు, స్టూడియో, నగరాల్లో రేడియోలు. వాటి కింద, గతంలో విక్రయించినవి అని మరో జాబితా. ఒక వారపత్రిక, కేబుల్ కంపెనీ, పాత సినిమా హాళ్ళు. అది ఉన్నవాటి జాబితాకంటే పొడుగ్గా ఉంది. పురాణంలోనూ అంతే, రాజ్యం నిలుపుకున్నవాళ్ళకంటే వదిలిపెట్టి పోయినవాళ్ళే ఎక్కువ. చివరి వరుసలో ఆ సంగీత సంస్థ కనిపించింది. ఇంకొకరికి అమ్మేసి మూడేళ్ళయిందని, కొన్నవాళ్ళ పేరుతో సహా ఉంది.

ఈసారి సెలవు అడగలేదు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న రాశాను: ఈ పాట మీదని చెప్పే కాగితం ఏది? అమ్మినవాళ్ళు, ఆ సంస్థను అమ్మేశాం, ఈ పాట మీద మాకిప్పుడు హక్కేమీ లేదన్నారు. కొన్నవాళ్ళు, మేము కొన్నది సినిమా పాటలే, భక్తి క్యాసెట్లు ఆ అమ్మకంలో లేవన్నారు. ఇద్దరూ మర్యాదగానే రాశారు. పాత జాబితా ఎక్కించిన యంత్రం మాత్రం ఎవరూ ఆపక, తనంతట తాను హెచ్చరికలూ ఫారాలూ పంపుతూనే ఉంది.

ఆ రెండు ఉత్తరాలూ జతచేసి వీడియో సైటుకు అభ్యంతరం పంపాను. క్యాసెట్లో ఉన్నవి నాలుగు చరణాలని, మేము పాడేవి ఐదని, ఐదోదాంట్లో కట్టినవాని పేరే ఉందని, ఆయన మనవడే ఈ గాయకుడని రాశాను.

సైటు జవాబు రాకముందే ఏకాదశి వచ్చింది. భజన చివరికి వచ్చేసరికి పెద్దాయన నా వైపు, ఫోన్ వైపు చూశారు.

"ఆపేయమంటావా?" అని వదిన స్టాండు మీద చెయ్యి వేసింది.

"ఆపొద్దు వదినా. పాడండి పెద్దాయనా. వచ్చేది ఏదైనా నా పేరుతో రానీ."

ఆయన ఐదు చరణాలూ పాడారు. అంకితం దగ్గర తాత పేరు వచ్చినప్పుడు తాళం ఆపి, చెయ్యెత్తి మొక్కి, మళ్ళీ అందుకున్నారు. మూడో హెచ్చరిక రాలేదు. పన్నెండో రోజున మొదటి రెండు హెచ్చరికలూ వెనక్కి తీసుకున్నామని సైటునుంచి కబురొచ్చింది.

తర్వాతి ఏకాదశికి ముందుగానే పోయి, అరుగు మీద ఆ కబురు పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన చెవి పక్కన చెయ్యి పెట్టుకుని విన్నారు.

"అయితే ఇపుడిది ఎవరిదని రాసినారమ్మా?"

"ఎవరిదని రాయలేదు పెద్దాయనా. తమది కాదని ఇద్దరూ రాసిచ్చినారు."

"అది సాలు. మిగిల్నది ఐదో చరణంలో ఉంది" అని ఆయన తాళాలు చేతికి తీసుకున్నారు.

వదిన ఫోన్ పెట్టింది. గుడారంలో కూర్చున్న కోసిగి ఆమె అప్పటికే తన ఫొటో ఒకటి పేజీలో పెట్టింది. ఆమె చేతిలో తాళాలు లేవు, వాటి బదులు రెండు స్టీలు మూతలున్నాయి.