నసారియో ఎడమ దీపం

ఒబ్దూలియా కొట్టులో గోడకి పదకొండు పాత కారు దీపాలు వేలాడేవి. తుప్పు పట్టినవి, అద్దం చిట్లినవి, వైరు తోక ఇంకా వేలాడుతున్నవి. ఎవరైనా కొత్తవాడొచ్చి ఒకదానిమీద చెయ్యి వేస్తే, సోల్డరింగు కడ్డీ మీంచి తలెత్తకుండానే అనేది: "అది దోన్ సెలెస్తీనోది. చెయ్యి తియ్."

ఆ కొండల్లో ఏడాదికి ఎనిమిది నెలలు పొగమంచు. పగలు పదింటికి కూడా చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. దారి పక్కన నిలబడ్డ మనిషికి వచ్చే కారు రంగు తెలీదు, నంబరు తెలీదు. తెలిసేదల్లా దాని మూడు పసుపు దీపాలే. మూడూ వరసగా ఉంటే పాల వ్యాను. కింద రెండు, పైకప్పు మీద ఒకటి ఉంటే సెలెస్తీనో. కింద రెండు, ఎడమ హెడ్‌లైటు కింద బుల్లిది ఒకటి ఉంటే నసారియో. దాన్ని అక్కడివాళ్ళు సేన్యా అంటారు, గుర్తు అన్నమాట. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఏ కారుకి ఏ గుర్తో తేల్చింది ఒబ్దూలియానే. ఒకరిది ఇంకొకరికి ఇచ్చింది లేదు. డ్రైవరు పోతే తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక ఆమే స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళి దీపాలు విప్పుకొచ్చేది. అదొక మర్యాద.

పన్నెండోది, నసారియోది, ఇంకా గోడ ఎక్కలేదు. వానాకాలం నుంచీ బల్ల సొరుగులోనే ఉంది. మేకు కొట్టడానికి తీరిక దొరకలేదని ఆమె అనేది.

ఒక గురువారం నసారియో కూతురు చాయో తండ్రి టాక్సీ కారు కొట్టు ముందు ఆపింది. డెబ్బై ఒకటో సంవత్సరపు వోచో, తాబేలు చిప్ప లాంటి బండి.

"మద్రీనా, నాన్న దీపాలు మళ్ళీ పెట్టెయ్."

జ్ఞానస్నానం నాడు చాయోని చేతుల్లో ఎత్తుకున్నది ఒబ్దూలియా, అందుకే ఆ పిలుపు. ఆ పిల్లకి కాదనడం ఆమెకి అలవాటు లేదు. అయినా అంది: "పెట్టను. నువ్వు అడక్కూడదు కూడా."

"ఎందుకట?"

"మీ నాన్న మట్టిలో ఉన్నాడు. ఆయన గుర్తు దారిమీద తిరుగుతుంటే ముసలాళ్ళు గుండె ఆగి చస్తారు."

"ఇప్పుడు మాత్రం ఏం బతుకుతున్నారు? మొన్న మంగళవారం ఏమైందో తెలుసా? దోన్యా కాందిదా క్లినిక్కి వెళ్ళాలి, ఇన్సులిన్ అయిపోయింది. నాకోసమే వంపు దగ్గర నిలబడింది. నా కారు రావడం చూసి బండ వెనక దాక్కుంది! నేను ముందుకెళ్ళిపోయా. రెండు గంటలు నడిచిందట, ఆ కాళ్ళతో."

దాక్కోరూ మరి? పైన గని తవ్వకం మొదలైనప్పటినుంచి తెల్ల దీపాల లారీలు ఆ దారిని మింగేశాయి. గుర్తు లేని వెలుగు కనబడితే జనం రోడ్డు దిగి బండల వెనక్కి పోతారు. నిరుడు అదే వంపులో ఇద్దరు లారీ కింద పడ్డారు. కంపెనీ కాగితాల్లో తప్పు మంచుది అని రాసుకుంది. మంచు వచ్చి సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కేసు అక్కడితో ముగిసింది.

"శనివారం సంత. ఆ రోజు కూడా ఎవరూ ఎక్కకపోతే కారు అమ్మేసి లోయలో బట్టల ఫ్యాక్టరీకి పోతా. మాట ఇచ్చేశా వాళ్ళకి. పైన అతోయాపన్ ఊళ్ళోవాళ్ళు ఇక నడుచుకుంటారు," అంది చాయో.

అతోయాపన్‌కి ఉన్నది ఆ ఒక్క కారే. ఒబ్దూలియా సొరుగు లాగింది.

ఆ బుల్లి దీపం అరచేతిలో పట్టేంత. లోయలో బోల్తాపడిన బస్సు నుంచి నసారియో, తనూ కలిసి విప్పి తెచ్చారు దాన్ని. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు. రేడియోలు బాగుచేసుకుంటూ ఉండేది. ఆడదాని చేతికి కారిస్తే పెళ్ళాం చేతికి మీసం ఇచ్చినట్టేనని స్టాండులో మగాళ్ళు పగలబడి నవ్వేవారు. నసారియో ఒక్కడే బండి తీసుకొచ్చి, చుట్టరికం కలిపి, "కొమాద్రే, కాలిస్తే కాల్చెయ్, ఇది ఎలాగూ సగం చచ్చింది," అన్నాడు. పసుపు అద్దం దొరక్క చాక్లెట్ల పసుపు కాగితం చుట్టారు. మొదటి వంపు దాటేసరికి అది కరిగి కారంతా పాకం వాసన. ఊరి పిల్లలు కారు వెంట పరిగెత్తారు. ఆ వేసవంతా అతన్ని మిఠాయి నసారియో అన్నారు.

"ఈ మూడోది ఎందుకు, దీని వెలుగు బూటు దాకా కూడా పడదు?" అని అప్పుడతను అడిగాడు.

"నువ్వు చూడ్డానికి కాదు. వాళ్ళకి నువ్వు కనబడ్డానికి," అందామె.

ఇప్పుడు ఆ బుల్లి దీపాన్ని కారు ముందు అటూ ఇటూ పెట్టి చూసింది. ఎడమ పక్క పాత స్క్రూ కంతలు అలాగే ఉన్నాయి. వాటిమీద కాస్త లప్పం మెత్తింది. డ్రిల్లు తీసి కుడి హెడ్‌లైటు కింద కొత్త కంతలు వేసింది.

"అటెందుకు?" అంది చాయో.

"ఎడమది మీ నాన్నది. ఆయనది ఆయనకే. కుడిది నీది. బండ్లు పోయేదీ, జనం నిలబడేదీ కుడిపక్కే కదా."

వోచోకి బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. అక్కణ్ణుంచి లావు వైరు గుమ్మం అంచు వెంట, చాప కింద నుంచి ముందుకి లాగారు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేసింది, పాత స్విచ్చి కాలిపోకుండా మధ్యలో రిలే పెట్టింది. పెద్ద పసుపు దీపాలు రెండూ బంపరు కింద, నేలకి మోకాలెత్తులో బిగించి మూతి కొంచెం కిందికి వంచింది. పైకి చూసే దీపం మంచుని గోడ చేస్తుంది. గని లారీల వాళ్ళకి ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో. వాళ్ళకి దారి కనబడక్కర్లేదు, దారిలోవాళ్ళు తప్పుకుంటే చాలు.

శనివారం పొద్దున్నే ఒబ్దూలియా కూడా కారెక్కింది. అతోయాపన్ దాకా ఖాళీగా వెళ్ళి, తిరిగి కిందికి బయల్దేరారు. మంచు పాలలా ఉంది. మొదటి వంపులో ఎవరూ లేరు. రెండోదాన్లోనూ లేరు. చాయో గేరు తగ్గించి ఇంకా నెమ్మదిగా పోనిచ్చింది.

మూడో వంపులో బండ పక్కన ఒక శాలువా కదిలింది. చాయో బ్రేకు నొక్కింది. మంచులోంచి పెద్ద గొంతు:

"ఒరేయ్ నసారియో! చచ్చినా బుద్ధి రాలేదా? ఈ దిగుడులో రివర్సులో వస్తావేంట్రా!"

ఒబ్దూలియాకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఎడమ దీపం కుడికి మారింది. నసారియో గుర్తు అలా తిరగబడి కనబడాలంటే, గుర్తు చదవడం తెలిసినవాళ్ళ లెక్కలో, కారు వెనక్కి తిరిగి ఉండాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు గుర్తులు పెట్టిన మనిషికి ఆ మాత్రం తట్టలేదు.

"నాన్న కాదు దోన్యా కాందిదా, నేను చాయోని!"

ముసలామె దగ్గరికొచ్చి కిటికీలో తల పెట్టింది. సిలువ గీసుకున్న చెయ్యి ఇంకా దించలేదు. "నువ్వా! మంగళవారం గుడ్డిదానిలా దీపాల్లేకుండా పోయింది నువ్వేనా? నా కాళ్ళు చూడు, బూరెల్లా ఎలా వాచాయో."

"తప్పే అమ్మమ్మా. ఎక్కు."

"ఎక్కుతా, తొందరేముంది." ఆమె బండల వైపు తిరిగి అరిచింది: "రండి బయటికి! దయ్యం కాదు, గని వాళ్ళూ కాదు. నసారియో తిరగబడి వచ్చాడు. వాడి కూతురు!"

బండల వెనక నుంచి టోపీలు లేచాయి, మిరపకాయల బుట్టలు లేచాయి, కాళ్ళు కట్టిన కోళ్ళు లేచాయి. వోచోలో పట్టేది నలుగురు. ఏడుగురు ఎక్కారు. ఎనిమిదో ఆవిడ బుట్టతో నిలబడి చూస్తుంటే ఒబ్దూలియా తలుపు తీసుకుని దిగిపోయింది.

"మద్రీనా, నువ్వు?"

"మళ్ళీ రా. ఎక్కడికీ పోను."

కారు మంచులోకి దిగిపోయింది. ఆమె బండమీద కూర్చుంది. ఒక లారీ తెల్లగా గర్జిస్తూ వచ్చింది. అందరిలాగే ఆమె కూడా లేచి బండ వెనక్కి వెళ్ళింది. రాయి పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళూ దీపాలు బిగించిందే తప్ప ఇక్కడ నిలబడింది లేదు.

చాలాసేపటికి కింద నుంచి ఇంజను పాత దగ్గు వినబడింది. మంచులో రెండు పసుపు మరకలు, మోకాలెత్తులో. ఆమె కళ్ళు ముందుగా ఎడమ దీపం కోసం వెతికాయి. అక్కడ చీకటి. కుడి దీపం కింద బుల్లిది వెలుగుతోంది.

ఒబ్దూలియా రోడ్డుమీదికొచ్చి చెయ్యెత్తింది.