సున్నా పాయింట్ ఒక సీసీ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, ఏ సంగతినైనా అంకెల్లోకి మారిస్తే గానీ నాకు తోచేది కాదు. నా చదువు పదో తరగతి దాటలేదు. ఇల్లందులో అరిగిన ఇంజన్ సిలిండర్లను లోపల చెక్కి బోర్ చేసే లేత్ షాపులో పనిచేస్తూ, మేస్త్రి కొలతలు తీసే వెర్నియర్‌తోనూ, అట్ట ఊడిన ఎక్కాల పుస్తకంతోనూ లెక్కలు నేర్చుకున్నాను. (బస్సు టికెట్ మీది అంకెలు కూడా కూడేవాణ్ణి. ఇప్పటికీ మానలేదు.)

అందుకే ఊరి బయట మట్టి మైదానంలో మోటార్ సైకిళ్ల పందెం పెట్టినప్పుడు, ఎవరు ఏ తరగతిలో తోలాలో తేల్చే పని మేస్త్రి నాకే అప్పగించి, హైదరాబాద్ నుంచి తెప్పించిన రూల్సు కాగితం చేతిలో పెట్టాడు. కొత్తవాళ్ల తరగతికి మూడు షరతులు: వయసు ఇరవై ఒకటి నిండకూడదు, అంతకుముందు ఏ పందెంలోనూ బహుమతి కొట్టి ఉండకూడదు, ఇంజన్ నూట డెబ్బై ఐదు సీసీలు దాటకూడదు. ఏది తప్పినా మూడువందల యాభై సీసీల బళ్లతో కలిసి పెద్ద తరగతిలో తోలాల్సిందే. కొత్తవాళ్లలో నేనూ పేరిచ్చాను. (తీర్పు చెప్పేదీ నేనే, పోటీ చేసేదీ నేనే. అది తప్పని అప్పట్లో ఎవరికీ తోచలేదు.) నాకు ఇరవై ఒకటి నిండడానికి పందొమ్మిది రోజులే ఉన్నాయి. ఈసారి తప్పితే ఆ తరగతి ఇక నాకు లేనట్టే. మా మేనమామ తన బండి ఇస్తూ, "గెల్వకున్నా మంచిదే అల్లుడా, బండి మాత్రం సక్కగ తే" అన్నాడు.

పందెం రోజు పొద్దున్నే ఒక్కో బండి ఇంజన్ హెడ్ విప్పి బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కొలిచాను. వేంసూరు నుంచి వచ్చిన నా ఈడు రైతుబిడ్డ బండి దగ్గర ఆగాను. కొత్తలో అరవై ఒకటిన్నర మిల్లీమీటర్లుండే బోరు, అరిగితే చెక్కించి పెద్ద పిస్టన్ వేయించడంతో అరవై రెండైంది. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే దూరం, యాభై ఎనిమిది. లెక్క కడితే నూట డెబ్బై ఐదు పాయింట్ ఒకటి.

"నువ్వు పెద్ద తరగతిల తోలాలె," అన్నాను.

"పాయింట్ ఒకటికా? ఇదెక్కడి లెక్కండీ బాబూ! రెండు నెలల్నుంచీ పొలం గట్ల మీద తోలి నేర్చుకున్నాను."

"పోనియ్‌రా, గది చుక్కంత గూడ లేదు," అన్నాడు మేస్త్రి.

నేను వినలేదు. పై విలువ కాస్త తగ్గించి, మూడు పాయింట్ ఒకటి నాలుగుతో ఇంకోసారి కట్టాను. అప్పుడూ సున్నా పాయింట్ సున్నా ఒకటి ఏడు ఎక్కువే వచ్చింది. రూలంటే రూలే అన్నాను.

వేంసూరాయన తాపీగా హెడ్ బిగించుకుంటూ, "సరేనండీ. మరి తమరి బండి కొలిచారా?" అన్నాడు.

"నాదెందుకు? పోయిన నెల నేనే బోర్ చేసిన, అరవై రెండుం..."

అరవై రెండుంపావు! స్ట్రోకు అదే యాభై ఎనిమిది. వేళ్ల మీద లెక్కేస్తే నూట డెబ్బై ఆరున్నర తేలింది. మేస్త్రి నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు. మామ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "గిదేందిరా, నా బండి గింత పెద్దగైతే నాకు జెప్పవా?" అన్నాడు.

ఇద్దరం పెద్ద తరగతిలో తోలాం. ముందు బళ్లు ఎగజిమ్మిన బురదంతా మా మొహాల మీదే. పన్నెండు మందిలో వేంసూరాయన పదకొండు, నేను పన్నెండు. బండి మాత్రం మామకు సక్కగానే అప్పగించాను.

వేంసూరాయన అప్పట్నుంచీ నాకు స్నేహితుడు. ఇటొచ్చినప్పుడల్లా, "మీ లెక్కకు తిరుగులేదండీ" అని టీ తాగి వెళతాడు.

మొన్న పాత పనిముట్ల పెట్టె సర్దుతుంటే ఆ రూల్సు కాగితం దొరికింది. తిప్పి చూస్తే వెనకాల ఇంకో రెండు వరుసలున్నాయి: అరిగిన సిలిండర్ బోర్ చేయించిన బళ్లకు రెండు సీసీల వరకు సడలింపు. మూడు దశాంశ స్థానాల దాకా లెక్కగట్టిన మనిషిని, కాగితానికి రెండు వైపులుంటాయన్నది లెక్కలోకి తీసుకోలేదు.

వచ్చే వారం వేంసూరాయన వస్తానన్నాడు. కాగితం చించడానికి చెయ్యి రాలేదు. మళ్లీ పెట్టెలోనే పెట్టాను, ముందు వైపు పైకి ఉండేట్టు.