నడుము మీద తొమ్మిది వేళ్లు

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. గోదావరిఖనిలో భూమి కింద ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. గనిలోకి దిగేవాడికి భయపడటానికి నెత్తి మీద బండ చాలదా, దానికి తోడు దయ్యం కూడా కావాలా? చచ్చిపోయిన ఫలానావాడు దీపం పట్టుకొని తిరుగుతున్నాడని ఎవడైనా మొదలుపెడితే, "మరి వానికి మస్టర్ల హాజరు పడుతున్నదా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి.

ఇప్పుడూ నమ్మను. కానీ నా నడుముకు జరిగింది జరిగింది. దానికి సాక్షులు ముగ్గురు. నా భార్య లక్ష్మి, నడుములు సర్దే దేవదానం సారు, రాజవ్వ.

డెబ్బయ్యో దశకం మొదటి రోజుల మాట. నేను కోల్ ఫిల్లర్‌ని. అంటే పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్లో నింపేవాణ్ణి. చెమ్మస్ అంటే మా పార. ఈ పనికి ఇద్దరిద్దరిని జోడీ కడతారు. నా జోడీ పోశం. ఆరేళ్లు ఒకే చోట సద్ది తిన్నాం, ఒకే సీసాలో నీళ్లు తాగాం. అతని ఎడమచేతి ఉంగరం వేలు ఎప్పుడో రెండు టబ్బుల మధ్య నలిగి పోయింది. మిగిలిన వేళ్లతోనే నాకంటే జల్ది తట్ట నింపేవాడు, దొంగ ముండాకొడుకు. రాజవ్వ అతని భార్య.

బొగ్గు పేల్చిన చోటికి పోయే ముందు పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి చూడాలి. షిఫ్టులో మా మీద ఉండే సర్దార్ చూసి పోయినా సరే, మేమూ కొట్టుకోవాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైన కప్పు డొల్ల డప్పులా పలుకుతుంది. మా ఇద్దరిలో ఒక వారం నేను కొట్టాలి, ఒక వారం పోశం. రెండోవాడు అడుగుతాడు, "కొట్టినవా?" అని. "కొట్టిన" అంటే ఇక పైకి చూడకుండా దాని కిందికి పోతాడు. అన్ని ఏళ్లలో ఈ రెండు మాటలు చెప్పుకోని రోజు లేదు.

ఆ రోజు మొదటి షిఫ్టులో కప్పు కూలింది. పోశం చనిపోయాడు. నేను బయటపడ్డాను. విచారణలో నేను చెప్పింది ఇది: ఆ వారం కొట్టే వంతు పోశందే, కొట్టిన అన్నాడు, నమ్మి పోయాను, కూలగానే పరుగెత్తాను, వెనక నుంచి బండ తగిలి నడుము పట్టుకుంది.

ఇందులో అబద్ధం ఉంది. అక్కడికే వస్తున్నాను.

నా నడుము మూడు నెలలు వంగే ఉండిపోయింది. కొడవలిలా వంగి, ఎదుటివాళ్ల కాళ్లు చూస్తూ నడిచేవాణ్ణి. దవాఖానలో ఫోటోలు తీసి ఎముక విరగలేదన్నారు. మాత్రలిచ్చారు, పట్టీ ఇచ్చారు, ఏ గుణమూ లేదు. ఇంకో నెలలో మళ్లీ పరీక్ష. అప్పటికీ నిలబడలేకపోతే అన్‌ఫిట్ రాస్తారు. అన్‌ఫిట్ అంటే డ్యూటీ పోతుంది, క్వార్టర్ పోతుంది. ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొని ఎక్కడికి పోవాలి? రాత్రింబవళ్లు నాకదే ఫికర్. ఆ ఫికరంతా లక్ష్మి మీద కోపంగా పడేది. పాపం, పడింది.

లక్ష్మే నన్ను దేవదానం సారు దగ్గరికి పట్టుకుపోయింది. ఆయన మిషన్ దవాఖానలో చాలా ఏళ్లు పనిచేసి, మందు లేకుండా చేతులతోనే ఎముకలు, కీళ్లు సర్దే విద్యను అక్కడి దొర దగ్గర నేర్చుకున్నాడట. చర్చి వెనక సందులో రేకుల ఇల్లు. లోపల రెండు బల్లలు, వాటి మీద మడతపెట్టిన కంబళ్లు, గోడకు శిలువ. బయట అరుగు మీద మెడలు పట్టేసినవాళ్లు, భుజాలు దిగినవాళ్లు.

అలాంటి చోటికి పోయేవాళ్లకు తెలిసి ఉండటం మంచిది. పోగానే బల్ల ఎక్కించరు. మొదట వాకిట్లో అటూ ఇటూ నడిపించి, ఆయన గడప మీద కూర్చొని చూశాడు. ఏ పక్కకు పడుకుంటావు, ఏ కాలికి బరువు ఇస్తావు, దెబ్బ తగిలినప్పుడు మొహం ఎటుంది, అన్నీ అడిగాడు. నేను విచారణలో చెప్పిందే అప్పజెప్పాను.

"మల్లయ్యా, నాకు అబద్ధం చెప్తే నాకేం పోదు. నీ నడుమే ఒప్పుకోదు," అన్నాడు.

అందరికీ ఇదే చెబుతాడేమోలే అనుకున్నాను.

తర్వాత బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద పైనుంచి కిందికి వేలి కణుపులతో కొట్టుకుంటూ వచ్చాడు. కొట్టి చెవి పెడతాడు, కొట్టి చెవి పెడతాడు. నాకు చెమటలు పట్టాయి. "ఏంది సారూ గిది?" అంటే, "మీరు కప్పు కొట్టి చూస్తరు గద, గిది గూడ గంతే," అని నవ్వాడు.

ఆ తర్వాతది వైద్యం కాదు, యుద్ధం. మోచెయ్యి వీపులో దింపి బరువంతా మోపాడు. తల పట్టుకొని "ఊపిరి వదులు" అంటూనే టక్కున తిప్పాడు, మెడ విరిగిపోయిందనే అనుకున్నాను. కాలు మడిచి, మోకాలు ఛాతీకి నొక్కి, తుంటిని ఊడబెరికినట్టు లాగాడు. నేను నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. పక్క బల్ల మీద ఉన్నాయన తన నొప్పి మరిచిపోయి నవ్వాడు. రెండు రోజులు ఒళ్లు పుండవుతుంది, నీళ్లు బాగా తాగు, బరువులు ఎత్తకు, నొక్కిన చోట కమిలితే భయపడకు అని చెప్పి పంపాడు. చెప్పినట్టే పుండయింది. కానీ మెడ వదిలింది, భుజాలు వదిలాయి. నడుము మాత్రం అలాగే ఉంది.

మూడోసారి పోయినప్పుడు ఆయన నా తల వైపు నిలబడి, చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. అంతకుముందే నా పాదాలను పట్టీతో బల్లకు కట్టాడు. ఒకసారి లాగాడు, రెండుసార్లు లాగాడు. మూడోసారి లాగి ఆపేశాడు. ఆయాసపడుతూ బల్ల అంచు పట్టుకున్నాడు.

"మల్లయ్యా, నిన్నెవరు పట్టుకున్నరు?"

"ఎవలున్నరు సారూ? మీరే పట్టుకున్నరు."

"నేను పైకి గుంజుతుంటే ఎవరో కిందికి గుంజుతున్నరు. నడుము మీద రెండు చేతులున్నయి. నా చేతులకు తెలుస్తున్నది." గొంతు తగ్గించాడు. "ఎడమ చేతికి ఒక వేలు లేదు."

పోశం ఆ సారు దగ్గరికి ఎప్పుడూ పోలేదు. పోశం వేలి సంగతి నేను చెప్పలేదు. కాళ్ల పట్టీ ఎట్లా ఊడిందో, బల్ల మీద నుంచి ఎట్లా దిగానో తెలియదు, ఆయన అంగీ పట్టుకొని గోడకు గుద్దాను. "ఎవలు చెప్పిన్రు నీకు? చెప్పు, ఎవలు చెప్పిన్రు?" అని అరిచాను. ఆయన తల శిలువకు తగిలి నెత్తురు వచ్చింది. లక్ష్మీ, ఇంకో ఇద్దరూ కలిసి నన్ను విడదీశారు. ఆయన నెత్తురు తుడుచుకున్నాడు. "అది నేను తీసేది కాదు. ఎవరిదో నీకు తెలుసు," అన్నాడంతే.

ఇంటికి వచ్చి అంగీ విప్పగానే లక్ష్మి "అయ్యో దేవుడా!" అంది. అద్దం ముందు నిలబెట్టి, ఇంకో అద్దం వెనక పట్టి చూపించింది. నడుముకు రెండు పక్కలా నీలంగా కమిలిన వేళ్ల అచ్చులు. బొటనవేళ్లు వెన్నెముక దగ్గర, మిగతావి పొట్ట వైపు చుట్టుకొని. కింద పడినవాడు వెనక నుంచి ముందున్నవాడి నడుము పట్టుకుంటే ఎట్లా పడతాయో అట్లా. ఆ రోజు సారు తల వైపు నిలబడి చంకల్లో చేతులు వేశాడు, నడుమును ముట్టనే లేదు. లక్ష్మి అక్కడే ఉండి చూసింది. కుడి పక్క ఐదు, ఎడమ పక్క నాలుగు. లక్ష్మి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత నా మొహంలోకి చూసి, అద్దం పక్కన పెట్టేసి, వంటింట్లోకి పోయింది.

ఇక దాచేదేముంది? ఆ వారం వంతు నాదే. ఆ రోజు టబ్బులు ఆలస్యంగా వచ్చాయి, నాకు చిరాగ్గా ఉంది. కడ్డీ అవతలి మూలన ఉంది. పోశం అలవాటుగా "కొట్టినవా?" అన్నాడు. నేను "కొట్టిన" అన్నాను. అతను చెమ్మస్ పట్టుకొని కిందికి పోయాడు. మొదటి బండ అతని తొడల మీద పడింది. నేను లాగడానికి వంగలేదు, పారిపోవడానికి తిరిగి బొగ్గులో జారి మోకాళ్ల మీద పడ్డాను. అతను వెనక నుంచి రెండు చేతులా నా నడుము పట్టుకున్నాడు. "అన్నా" అన్నాడు. పైన కప్పు చిటపటమంటోంది. నేను వెనక్కి తన్నాను. మొహం మీద తన్నాను. వదల్లేదు. మళ్లీ తన్నాను, బూటు కింద ఏదో విరిగింది. అప్పుడు వదిలాడు. నేను పది అడుగులు పోకముందే మిగతా కప్పంతా దిగిపోయింది.

ఆ మూడు నెలలూ కాలనీలో అందరూ అన్నది ఒక్కటే: కప్పు కొట్టకుండా కొట్టిన అన్నాడు, తనూ చచ్చాడు, మల్లయ్యనూ చంపబోయాడు. గని మనిషికి దానికంటే పెద్ద తిట్టు లేదు. నల్లా దగ్గర రాజవ్వ బిందె పెడితే ఆడవాళ్లు మాటలాపేవాళ్లట.

మరునాడు పొద్దున్నే రాజవ్వ ఇంటికి పోయాను. వాకిట్లో పొయ్యి మీద నీళ్లు కాగబెడుతోంది. నా వంగిన నడుము చూసి, "కూసో మల్లన్నా," అని పీట వేసింది. ఆ మాటకు నా పానం పోయినట్టయింది. కూర్చోలేదు. వంగి నిలబడే మొత్తం చెప్పాను. తన్నిన సంగతి కూడా, రెండుసార్లని కూడా.

 ఆమె పొయ్యిలోంచి కట్టె గుంజింది. "నీ నోట్ల మన్నువడ! కొట్టిన అన్నవా? కొట్టిన అన్నవా?" అంటూ దొరికిన చోటల్లా కొట్టింది. చేతుల మీద, భుజం మీద, చెవి మీద. అంగీ కాలింది, చిరిగింది. మోకాళ్ల మీద పడ్డాను. ఆపమనలేదు. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు కానీ ఆమె మొహం చూసి ఎవరూ దగ్గరికి రాలేదు.

కట్టె పైకెత్తి ఒక్కసారిగా ఆగిపోయింది. చిరిగిన అంగీలోంచి నా నడుము కనబడింది. కట్టె కింద పడేసి నా పక్కన కూర్చుంది. ఎడమ పక్క అచ్చుల మీద తన చెయ్యి పెట్టింది. ఒక్కో వేలి మీద ఒక్కో వేలు పెట్టుకుంటూ, లేని వేలి దగ్గర ఆగింది.

"గట్టిగనే పట్టుకున్నడు," అంది.

నా నడుములో ఏదో టప్పున వదిలింది. ఆ చప్పుడు ఆమెకు కూడా వినబడింది, ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. నేను లేచాను. మూడు నెలల తర్వాత నిటారుగా నిలబడ్డాను. ఆమె కింద కూర్చొని పైకి చూసింది.

"నువ్వైతే నిలబడ్డవు. పో. పోయి చెప్పు ఆఫీసుల," అంది.

పోయి చెప్పాను. పోశం పేరు మీది మాట తీసేసి, నా పేరు మీద రాశారు. నన్ను చాలాకాలం పక్కన పెట్టి, ఆ తర్వాత పైన పనికి వేశారు. లోపలికి మళ్లీ దింపలేదు. రాజవ్వ బతికినన్నాళ్లు నాతో మళ్లీ మాట్లాడలేదు. దేవదానం సారు కాళ్లు పట్టుకోబోతే, నన్ను లేపి వాకిట్లో నడిపించి చూశాడు. ఆయన తల వెనక నేను చేసిన గాయం ఇంకా మానలేదు.

డాక్టరుకు చెబితే, బిగుసుకుపోయిన కండరం దెబ్బలకు వదిలి ఉంటుందన్నాడు. కావచ్చు. నేనూ అదే అనుకుందామని చూశాను. కానీ మూడు నెలల కింద పట్టుకున్న చేతుల అచ్చులు ఆ రోజే ఎందుకు లేచాయి? మనిషి మట్టిలో కలిశాక సారు చేతులకు ఎదురు లాగిందెవరు? 

వారంలో అచ్చులు మాసిపోయాయి. ఇప్పటికీ చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడల్లా ఒక్క క్షణం అలాగే ఆగుతాను. ఎవరూ పట్టుకోరు. ఈసారి పట్టుకుంటే తన్నను పోశం, అని చెబుదామని ఆగుతాను.