మందు తగ్గించిన మా ఆయన

మా ఆయన కెనడాలోని సార్నియాలో ఓ రసాయనాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో సాలీడు కనిపిస్తే గ్లాసులో పట్టి పెరట్లో వదిలి వచ్చే మనిషి. అలాంటి మనిషిని తూటాల పనిలోకి దింపింది మా పక్కింటాయన.

పక్కింటాయన ప్లంబరు. ఏటా చలి మొదలవుతుండగా జింకల వేటకు వెళతాడు. కిందటేడు కొత్తరకం రాగి తూటాలు కొన్నాడు. అవి తగలగానే ముందువైపు పువ్వులా విచ్చుకుంటాయట. అలా విచ్చుకుంటేనే జంతువు ఎక్కువసేపు బాధపడకుండా పోతుంది. కానీ దూరం వెళ్ళేకొద్దీ తూటా వేగం తగ్గిపోతుంది కదా, అంత నెమ్మదిగా తగిలినా విచ్చుకుంటుందా అని అతని అనుమానం. కంచె అవతల నుంచి ఆ ప్రశ్న వినగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. రిటైరయ్యాక "చెత్త బయట పెట్టారా" అని తప్ప ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు మరి.

"దూరం నుంచి కాల్చక్కర్లేదు. తూటా వెనక నువ్వు దట్టించే మందు తగ్గించి దగ్గర్నుంచే కాల్చు. వేగం తగ్గుతుంది" అన్నారు ఇంగ్లీషులో.

తూటాను పట్టుకోవడానికి నీళ్ళు నింపిన డబ్బాలు వరసగా పేర్చాలన్నారు. కారు అద్దాలు కడిగే నీలం నీళ్ళు వస్తాయే, ఆ ఖాళీ డబ్బాల కోసం ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి. మేము వాటిలో కరివేపాకు మొక్కలు వేసి పంచుతామనుకుని ఒకావిడ, "మాకు రెండు రిజర్వ్ చేయండి" అంది.

శనివారం ఇద్దరూ పక్కింటాయన బావమరిది పొలానికి వెళ్ళి, నీరసంగా తిరిగొచ్చారు. ఆ సాయంత్రం లండన్ నుంచి మా డాక్టరుగారు ఫోన్ చేశారు. మన ఒంటారియో లండనే. కాన్పుల డాక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. మా ఆయన బీపీ మందులు వేళకు వేసుకుంటున్నారో లేదో ఆయనే కనుక్కుంటుంటారు.

"ఏమయ్యా, ఎలా ఉన్నావ్?"

"ఏం చెప్పమంటారు డాక్టరుగారూ. మందు సగానికి తగ్గించి చూశాం. అస్సలు తెరుచుకోలేదు. బిగుసుకుపోయి అలాగే ఉంది."

"ఎవరు తగ్గించమన్నారు?"

"నేనూ పక్కింటాయనా అనుకుని తగ్గించామండీ."

"పక్కింటాయన డాక్టరా?"

"కాదండీ, ప్లంబరు."

"నువ్వు కదలకు. పొద్దున్నే స్టార్టయి వస్తున్నా" అని ఫోన్ పెట్టేశారు.

"చూశావా, ఆయనకి ఎంత ఇంట్రెస్టో!" అని మా ఆయన మురిసిపోయారు. వంటింట్లో పోపు చిటపటల మధ్య నేనూ సరిగ్గా వినలేదు.

ఆదివారం పొద్దున్న డాక్టరుగారు బీపీ మిషన్‌తో, వాళ్ళావిడ పెద్ద డబ్బా పులిహోరతో దిగారు. ఆవిడ నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆయన చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచేశారు డాక్టరుగారు.

"ఛాతీలో బిగువు ఇంకా ఉందా?"

"ఛాతీలో కాదండీ, బుల్లెట్టు! విచ్చుకోవట్లేదు!"

అప్పుడు విషయం తెలిసి నేను నవ్వాపుకోలేక సోఫాలో కూలబడ్డాను. మా ఆయన బీపీ నిక్షేపంగా ఉంది. డాక్టరుగారిదే పెరిగింది. కాసేపు చిందులు తొక్కి, చివరికి, "సరే, ఇంత దూరం వచ్చాం కదా, ఏదీ ఆ బుల్లెట్టు?" అన్నారు. అందరం పొలానికి బయల్దేరాం.

చెవులకు మూతలు పెట్టుకుని వెనక నిలబడ్డాం. పక్కింటాయన ముందు తక్కువ మందుతో కాల్చాడు. తూటా డబ్బాలన్నిటినీ దాటి చివరనున్న ఇసుక బస్తాలో దొరికింది, కొత్తదానిలా మెరుస్తూ.

"నెమ్మదిగా వెళ్ళిందన్నావ్, మరి అంత దూరం ఎలా పోయిందయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"విచ్చుకోలేదు కదండీ. సూదిలా దిగిపోయింది."

తరవాత మందు కొంచెం పెంచి కాల్చాడు. ఈసారి మొదటి డబ్బా పేలిపోయి, తూటా మూడోదాంట్లోనే ఆగిపోయింది. పక్కింటాయన సరేననగానే డాక్టరుగారు పరుగెత్తారు. బ్యాగులోంచి పట్టకారు తీసి, తూటాను మెల్లగా బయటకు లాగి, "సేఫ్‌గా వచ్చేసింది!" అని పైకెత్తి చూపించారు. ఆరు రేకులూ చక్కగా విచ్చుకున్న రాగి పువ్వు.

వాళ్ళావిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నావైపు తిరిగింది. "ఎలా ఉందే? కమ్మలా లేదూ? జత కావాలి."

అక్కడితో మా పరిశోధన దారి తప్పింది. తరవాతి తూటాకు ఒక రేకు ఊడిపోయింది. ఇంకోటి ఒక పక్కకే విచ్చుకుంది. "లెఫ్ట్ చెవికి ఇది ఓకేనా అక్కయ్యగారూ?" అని మా ఆయన అడగడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. పక్కింటాయన కూడా పట్టుదలకు పోయి చెమటలు కక్కాడు. డబ్బాలన్నీ చిల్లులు పడ్డాక గానీ జత కుదరలేదు. ఆవిడ వాటికి వెనక కాడలు పెట్టించుకుని ఇప్పటికీ పెళ్ళిళ్ళకు పెట్టుకెళుతుంది.

పక్కింటాయన మాత్రం తూటా ఎంత దూరం దాటితే విచ్చుకోదో తేల్చుకుని, అంతకు మించి కాల్చనన్నాడు. అన్నమాట ప్రకారం వేటలో దూరంగా నిలబడ్డ పెద్ద జింకను వదిలేసి ఉత్త చేతులతో వచ్చాడు. కంచె దగ్గర ఆ సంగతి చెబుతుంటే మా ఆయన ముఖం దిగాలుగా పెట్టుకుని, "అయ్యో, ఎంత పనైంది" అన్నారు. లోపలికొచ్చి, ఎప్పుడూ వంకలు పెట్టే నా ఉప్మాను రెండోసారి వడ్డించుకుని తిన్నారు.