నోరు మూసుకుని నడిచిన ఎర్మిన్

మా అమ్మమ్మ ఎర్మిన్ చేతులకీ కాళ్లకీ ఆదివారం సెలవుండేది. నోటికి మాత్రం ఏ రోజూ లేదు.

పొద్దున్నే పోర్ట్ రోజాన్ రేవు గేటు పక్కన పొయ్యి వెలిగించి, నూనెలో వేయించిన రొట్టెలూ కోకో టీ అమ్మేది. సిమెంటు మిల్లుకి పోయేవాళ్లు, ఓడల్లో సరుకు దించేవాళ్లు, చమురు ట్యాంకుల దగ్గర కాపలా కాసేవాళ్లు, అందరూ ఆమె ముందు వరస కట్టేవాళ్లు. రొట్టె కొంటే తిట్టు ఉచితం.

"ఏరా క్లీటస్, మొహం కడుక్కోకుండానే పంపేసిందా మీ ఆవిడ?"

"అది సిమెంటు దుమ్ము అత్తా."

"నిన్న సెలవు కదరా. ఇంట్లో కూడా సిమెంటే తింటున్నావా?"

వరసంతా నవ్వేది. క్లీటస్ కూడా నవ్వేసి ఇంకో రొట్టె అడిగేవాడు. సరుకు దించే పనికి దేహదారుఢ్యం కన్నా ముందు మా అమ్మమ్మ పొయ్యి దాటి వెళ్లగలిగే గుండె కావాలని రేవులో అనుకునేవాళ్లు.

అయితే ఆమెకి పేరొచ్చింది రొట్టెల వల్ల కాదు, ఆ రొట్టెలు తిన్నవాళ్లెవరూ అలా అనరు. ఇళ్లు మోసేటప్పుడు పాట కట్టడం వల్ల.

మా ఊళ్లో నేల ఎవరిదో అయి ఉంటుంది, ఇల్లు మనది. చెక్క ఇల్లు, రాళ్ల మీద కూర్చుంటుంది. నేల తాలూకు మనిషి పొమ్మంటే ఇల్లెత్తుకుని పోవడమే. ముందురోజు సాయంత్రం శంఖం ఊదుతాం. విన్నవాళ్లు వస్తారు. ఎవరి గుమ్మానికీ వెళ్లి బతిమాలకూడదు, వచ్చినవాళ్లకి కూలి ఇవ్వకూడదు, కడుపు నిండా పెట్టాలి. ఇంటి కింద పొడుగాటి ఇనప గొట్టాలు దూర్చి అందరూ భుజాలు పెడతారు. పాట కట్టే మనిషి ముందు నడుస్తూ ఇంటివాళ్లని చరణానికొక తిట్టు చొప్పున దులిపేస్తుంటే, మోసేవాళ్లు "హైలెస్సా" అంటారు. నవ్వొస్తే బరువు తెలియదు, అడుగులు కలుస్తాయి. ఇంటివాళ్లు మాత్రం నోరు మూసుకుని ఇంటి ముందు నడవాలి. ఒక్క మాట తిరిగి అన్నారా, ఇల్లు ఉన్నచోట దించేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. బేకరీ అగాథా ఇల్లు ఇప్పటికీ పోలీసు స్టేషన్‌కి అడ్డంగా ఎందుకుందో మా ఊళ్లో ఎవరినైనా అడగండి. ఆ రోజు పాట కట్టింది మా అమ్మమ్మే.

అలా ఆమె మోయించని ఇల్లు లేదు, తిట్టని కొంప లేదు. క్రేన్ నడిపే హిలేరియన్ కొత్తగా పెళ్లి చేసుకుని ఇల్లు మార్చినప్పుడు, "పెళ్లికొడుకు పీతలాంటోడు, పని కనపడితే పక్కకి పోతాడు" అని ఎత్తుకుంది. అంతే. ఆ పూట నుంచీ ఆయన పీత, ఆయన కొడుకులు పిల్ల పీతలు. రిటైరై మనవలొచ్చినా పేరు మాత్రం వదల్లేదు.

ఇలాంటి మనిషికి తన ఇల్లు మోయించుకోవాల్సిన రోజొచ్చింది.

రేవు పెంచుతున్నారు. కంటైనర్లు పెట్టుకోవడానికి గోడ పక్క వీధి మొత్తం కావాలన్నారు. కొండ మీద తలా ఒక ముక్క నేల చూపించారు. రేవు తరఫున వచ్చిన కుర్రాడు చాలా మర్యాదగా, సోమవారం బుల్డోజర్ వస్తుందనీ, ఈ లోపు ఇల్లు విప్పి చెక్కలు పట్టుకెళ్లమనీ చెప్పాడు.

"విప్పితే మళ్లీ ఇల్లవుతుందా నాయనా ఇది?" అంది అమ్మమ్మ.

ఆమె అన్నది నిజమే. మా తాత థియో ఓడల నుంచి సరుకు దించే మనిషి. ఓడ అడుగున సరుకు కింద పరిచిన చెక్కలు, రేవులో పారేసినవి, ఒక్కొక్కటే భుజాన వేసుకొచ్చి ఆ రెండు గదులూ కట్టాడు. ఏ దేశపు చెట్టో ఏమో, ఒక చెక్క ఎర్రగా, ఒకటి నల్లగా, ఒకటి వానొస్తే మిరియాల వాసన వేస్తుంది. తాత తాగి కొట్టిన మేకులు, తాగకుండా కొట్టిన మేకులు విడివిడిగా కనపడతాయి. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి తప్ప, విడదీస్తే పొయ్యిలోకే. తాతవి ఫోటోలు లేవు. ఆయన మిగిల్చింది ఆ ఇల్లే.

వీధిలో మిగతావాళ్లు తమవి కూల్చేసుకోమని ఒప్పుకున్నారు. అమ్మమ్మ మాత్రం శనివారం ఇల్లు లేస్తుందంది. ఊళ్లో ఇల్లు మోసి ఏళ్లయింది, ఇప్పుడెవరొస్తారే అన్నాను.

"నన్ను చూసి వస్తారు."

"నిన్ను చూసే రారేమో అని నా భయం."

గరిటె విసిరింది. తగల్లేదు. ఆమెకి కూడా అదే భయమని అప్పుడర్థమైంది నాకు. మామూలుగా గురి తప్పదు.

మోసేవాళ్లని అడగకూడదు గానీ పాట కట్టేవాళ్లని అడగొచ్చు. ఊళ్లో అమ్మమ్మ కాక పాట తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ హిలేరియనే అయ్యాడు. ఆయన అరుగు మీద డొమినోలు ఆడుతుంటే వెళ్లాం.

"ఏం పీతా, ఊపిరాడుతోందా ఇంకా?"

"నిన్ను సాగనంపేదాకా ఆడుతుందిలే, ఎర్మిన్. కూర్చో."

"కూర్చోను. శనివారం నా ఇల్లు లేస్తోంది. పాడతావా?"

హిలేరియన్ చేతిలో ముక్క అలాగే పట్టుకున్నాడు. "మళ్లీ అడుగు."

"చెవుడు కూడా వచ్చిందా?"

"లేదు. వినడానికి బాగుంది."

అమ్మమ్మ పళ్లు కొరుకుతూ మళ్లీ అడిగింది. ఆయన భార్యని కూడా లోపల్నుంచి పిలిచి మూడోసారి అడిగించుకుని, అప్పుడు ఒప్పుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం శంఖం నేనే ఊదాను. చదువు ఆరో తరగతితో ఆగినా ఊపిరికి లోటు లేదు నాకు. శనివారం తెల్లారేసరికి ఉప్పులో ఊరేసిన పంది తోకలు, సీమపనస, పచ్చి అరటికాయలు వేసిన పులుసు పెద్ద గుండిగలో ఉడుకుతోంది. అమ్మమ్మ వీధి వైపు చూడనట్టు నటిస్తూ కలుపుతోంది. కలిపిందే కలుపుతోంది.

"ఎవరూ రాకపోతే మనిద్దరమే తినాలి, గిన్నె కడిగి పెట్టు" అంది.

ముందు అగాథా వచ్చింది, కొడుకుల్ని వెంటేసుకుని. "సాయానికి రాలేదు, నీ నోరు మూతపడితే చూద్దామని వచ్చాను" అంది. తర్వాత క్లీటస్, ఆ వెనక మిల్లు వాళ్లు, చేపల వాళ్లు, చర్చి పాటగాళ్లు, పిల్ల పీతలు. చూస్తుండగానే వీధి పట్టలేదు. ఆమె చేత తిట్లు తిన్న ప్రతి కుటుంబం నుంచీ మనుషులున్నారు. అంటే ఊరంతా ఉంది.

"నువ్వు ఒక్క మాట అన్నావంటే అక్కడే దించేస్తాం అత్తా, ముందే చెప్తున్నా" అన్నాడు క్లీటస్, చేతులు రుద్దుకుంటూ. అతని మొహంలో పండగ కనిపించింది.

గొట్టాలు దూర్చారు. భుజాలు పెట్టారు. హిలేరియన్ గొంతు సవరించుకుని, ఇన్నేళ్ల బాకీ తీర్చడం మొదలుపెట్టాడు.

"ఇల్లు తేలిక, పొయ్యి తేలిక—"
"హైలెస్సా!"
"ఎర్మిన్ నాలికే టన్నుల బరువు—"
"హైలెస్సా!"

ఇల్లు లేచింది. రాళ్ల మీద నుంచి కిర్రుమంటూ లేచి, గాలిలో ఒక్క క్షణం ఆలోచించి, కదిలింది. కిటికీ తెర ఊగుతూనే ఉంది. అమ్మమ్మ తలగుడ్డ కొస పళ్ల మధ్య కరిచిపెట్టుకుని ముందు నడిచింది.

"ఆమె రొట్టె కొరికా నేను—"
"హైలెస్సా!"
"పన్ను అక్కడే వదిలొచ్చాను—"
"హైలెస్సా!"

రేవు గేటు ముందు లారీలు ఆగిపోయాయి. రోడ్డు మధ్యలో ఇల్లు నడిచొస్తుంటే ఏం చేస్తారు? మొదట హారన్లు కొట్టారు. తర్వాత పాట వినబడింది. ఆ లారీవాళ్లలో సగంమంది పొద్దున తిట్లు తినే బాపతే. ఇంజన్లు ఆపి దిగి, వాళ్లూ భుజాలు పెట్టారు. అమ్మమ్మ మెడ మీద నరాలు తేలాయి గానీ నోరు తెరవలేదు. కొండ మొదలైంది. హిలేరియన్‌కి ఉత్సాహం ఎక్కువైంది.

"పాపం థియో ముందే పోయాడు—"
"హైలెస్సా!"
"కాస్త నిద్ర దొరుకుతుందని పోయాడు—"

ఈసారి "హైలెస్సా" చిన్నగా వచ్చింది. అమ్మమ్మ ఆగింది. అందరం ఆమె వీపు వైపే చూశాం. నేను లోపల్లోపల, అను, ఒక్కటి అను, నేనైనా అంటాను అనుకున్నాను. ఆమె తలగుడ్డ ఇంకాస్త లోపలికి కుక్కుకుని నడిచింది.

గాడిద మలుపు దగ్గర దారి నిట్టనిలువుగా లేస్తుంది, ఒక పక్క లోయ. అక్కడే హిలేరియన్ గొంతు పోయింది. పొద్దున్నుంచీ అరిచి అరిచి, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పాట ఆగింది, అడుగులు చెదిరాయి. కొండ వైపు వాళ్లు ముందుకి లాగుతుంటే లోయ వైపు వాళ్లు ఆగారు. ఇల్లు వాలింది. లోపల గిన్నెలన్నీ ఒక మూలకి దొర్లిన చప్పుడు. క్లీటస్ మోకాళ్లు వంగిపోతున్నాయి.

"ఎవరైనా పాడండ్రా!"

ఇల్లు మోసే పాట కట్టడం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరికి గొంతు లేదు, ఒకరు నోరు తెరవకూడదు.

అమ్మమ్మ వెనక్కి తిరిగింది. తలగుడ్డ కొస ఉమ్మేసింది.

"ఎర్మిన్ అని ముసలిదొకతె—"

ఎవరూ పలకలేదు. బిత్తరపోయారు.

"దాని నోరు చూసి సొరచేప జడిసె!"

అగాథా అరిచింది: "నోరు తెరిచింది! దించండి, దించేయండి!"

హిలేరియన్ రెండు చేతులూ పైకెత్తాడు. గొంతులో మిగిలిన బొంగురుతో, "జవాబు చెప్పలేదే పిచ్చిదానా! తిడుతోంది. ఇంటామెని ఎవరైనా తిట్టొచ్చు!" అన్నాడు.

ముందు నవ్వింది క్లీటసే. ఆ నవ్వుతో అతని మోకాళ్లు నిలబడ్డాయి. "హైలెస్సా!"

"రాళ్లకి తక్కువ, రొట్టెకి ఎక్కువ, అది కాల్చేది—"
"హైలెస్సా!"
"తిట్లు నంజుకుంటే గానీ దిగదు గొంతు—"
"హైలెస్సా!"

హిలేరియన్ పొద్దున్నుంచీ తిట్టినదంతా కలిపినా ఆమె తనని తాను తిట్టుకున్నదానిలో పావు వంతు కాదు. వాళ్లెవరికీ తెలియనివి కూడా తెలుసు కదా ఆమెకి. వెనక్కి నడుస్తూ, ఇంటికేసి చూస్తూ, చేతులూపుతూ పాడింది. ఇల్లు నిటారుగా లేచింది. అడుగులు కలిశాయి. మలుపు తిరుగుతుండగా ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"మొగుడికో మంచి మాట చెప్పలేదు—"
"హైలెస్సా!"
"చెబుదామనుకుంటే వాడు లేడు—"
"హైలెస్సా!"

ఆ "హైలెస్సా"లో నవ్వు లేదు, కానీ ఇల్లు అంతకు ముందెన్నడూ అంత తేలిగ్గా కదల్లేదు. కొండ మీద కొత్త రాళ్ల మీద దాన్ని దించినప్పుడు ఒక్క మేకు కూడా ఊడలేదు, తాగి కొట్టినవి కూడా. అగాథా గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటూ, చెమట, చెమట అంది. గుండిగ ఖాళీ అయింది. లారీ డ్రైవర్లు గీకి తిన్నారు. రేవు వైపు నుంచి మర్యాద కుర్రాడు కూడా వచ్చి ఒక గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. గోడ పక్క వీధి వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, రేపు ఆదివారం ఉంది కదా, మాది కూడా లేపుదామా అన్నారు. లేపారు. సోమవారం బుల్డోజర్ వచ్చేసరికి ఆ వీధిలో కూల్చడానికి రాళ్లు తప్ప ఏమీ లేవు.

ఆ ఆదివారం పాటలు, ముందురోజు విన్నవాటినే అటూ ఇటూ మార్చి, హిలేరియన్ భార్యా, అగాథా కలిసి కట్టారు. అమ్మమ్మ కట్టలేకపోయింది. ఆమె గొంతు పూర్తిగా పోయింది.

ఊరికి ప్రశాంతత వచ్చింది. ఎవరికీ నచ్చలేదు. గేటు దగ్గర వరసలో జనం గొర్రెల్లా నిలబడి, రొట్టె తీసుకుని, మాట్లాడకుండా వెళ్లేవాళ్లు. క్లీటస్ కావాలని మొహం కడుక్కోకుండా వచ్చాడు. ఆమె చూసి రొట్టె ఇచ్చింది, అంతే. "ఒక్క మాటైనా అను అత్తా, దిగట్లేదు" అన్నాడు. కొండ మీదికి అల్లం, తేనె, నిమ్మకాయలు మోసుకొచ్చారు. చివరికి హిలేరియన్ గొంతుకి మంచిదని సొరచేప నూనె సీసా పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర టోపీ తీశాడు.

"ఎర్మిన్, నీకో మాట చెప్పాలి. ఆ రోజు థియో గురించి నేనన్నది..."

అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆయన్ని చూసింది, ఆయన వెనక ఉన్న తలుపుని చూసింది. ఇసక మీద రేకు ఈడ్చినట్టు ఒక గొంతు వచ్చింది.

"దించేటప్పుడు ఆ మూల నువ్వే చూశావు కదా. గుమ్మం పల్లంగా ఉంది, తలుపు పడట్లేదు. క్షమాపణ తర్వాత, ముందు చెక్క ముక్క తీసుకురా, దద్దమ్మా."

హిలేరియన్ టోపీ కూడా పెట్టుకోలేదు. "మాట్లాడింది! ఎర్మిన్ మాట్లాడింది! నన్ను దద్దమ్మా అంది!" అని కొండ కింది దాకా వినపడేలా అరుస్తూ, చెక్క కోసం పరిగెత్తాడు.