ఎంక్వైరీకి వచ్చిన సారు, మా అమ్మ ప్రార్థన

నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా మా కాలేజీ మూతపడింది. ఒక్కరోజులో గేటుకు తాళం పడలేదు. ముందు లెక్చరర్లు మానేశారు, తర్వాత బస్సు రావడం మానేసింది, ఆఖరికి యూనివర్సిటీ వాళ్ళు మమ్మల్ని తలా ఒక కాలేజీకి సర్దేశారు. నన్ను ఎల్బీనగర్ దాటాక హైవే పక్కనున్న కాలేజీకి పంపారు. ఇంటికి దగ్గరైంది కదా, నీ అదృష్టం బాగుంది అన్నారు చుట్టాలు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

మేం అప్పుడు చంపాపేట్ వైపు ఒక సందులో, రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నకు ట్రాలీ ఆటో ఉండేది. తెల్లవారుజామున బాటసింగారం మార్కెట్‌కు పోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో బండ్ల మీద పండ్లమ్మే వాళ్ళకు సరుకు తెచ్చి వేసేవాడు. అమ్మ అదే దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల నుంచి చీరలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని ఫాల్స్ కుట్టేది. ఇద్దరిదీ నల్గొండ దగ్గర పల్లెటూరు. నా మొదటి సంవత్సరం ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టింది. కాలేజీ మారితే ఆ ఫీజు కూడా నా వెనకాలే వస్తుందనుకున్నాను. ఎంత అమాయకత్వం!

కొత్త కాలేజీ ఆఫీసులో ఒక మేడమ్ ఉండేది, గుంటూరు వైపు మనిషి. కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"చూడమ్మా, నువ్వు ట్రాన్స్‌ఫర్ మీద వచ్చావు కదా, పాత రిజిస్ట్రేషన్ పనికిరాదు. మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాలి. నీ క్యాస్ట్ సర్టిఫికెట్ నంబరు కొడితే తెరుచుకోవట్లేదు. జిల్లాలు విడిపోకముందుది అయ్యుంటుంది. ఇప్పుడుంటున్న అడ్రస్ మీద కొత్తది తెచ్చుకో. లాస్ట్ డేట్ దాటిందంటే మాత్రం ఫీజు మీరే కట్టుకోవాలి, మరి."

మేం కట్టుకోలేమని ఆమెకూ తెలుసు. ఇంట్లో నాన్న ఆ సంగతి దాచకుండా చెప్పాడు. సర్టిఫికెట్ రాకపోతే చదువు ఆపి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దమ్మ కూతురు పనిచేసే షాపులోనే బిల్లింగ్‌లో చేరాలి. ఆ అక్క ఇంటర్‌లో నాకంటే బాగా చదివేది. ఇప్పుడు రోజంతా షాపులో నిలబడి ఆమెకు కాళ్ళ వాపులు. ఆమెను తలుచుకుంటే నాకు భయమేసేది.

మీసేవలో దరఖాస్తు పెట్టాం. ఎంక్వైరీకి ఎమ్మార్వో ఆఫీసు నుంచి సారు వస్తాడు, ఇంట్లో ఉండండి అన్నారు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేం ఎస్సీలం. మా తాత కాలం నుంచి చర్చికి పోతున్నాం. కాగితం మీద ఈ రెండూ ఒకచోట ఇమడవు. చర్చికి పోతున్నామని రాస్తే ఎస్సీ కాస్తా బీసీ-సీ అయిపోతుంది, అప్పుడు ఫీజులో కొంతే వస్తుంది. మా ఊరి హోటల్లో మా తాతకు గ్లాసు వేరేగా పెట్టినవాళ్ళు ఆయన ఏ దేవుణ్ణి మొక్కుతాడో అడగలేదు. గ్లాసు పెట్టేటప్పుడు అడగని మాట ఫీజు ఇచ్చేటప్పుడు ఎందుకు అడుగుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఇప్పటికీ కోపమే.

సారు ఒక సాయంత్రం వచ్చాడు. వెంట మా ఇంటి ఓనరును సాక్షిగా తెచ్చుకున్నాడు. చెడ్డమనిషి కాదు, బాగా అలసిపోయిన మనిషి. ఎన్నేండ్ల నుంచి ఉంటున్నారు, ఏం పనిచేస్తారు అని నాన్నను అడిగి రాసుకున్నాడు. అంతటితో అయిపోయేది. అమ్మ చాయ్ తెచ్చి, "ఏంది సారూ, మొహం గట్ల పీక్కపోయింది?" అంది. వాళ్ళమ్మ దవాఖానలో ఉందని, ఆపరేషన్ అయిందని, రాత్రిళ్ళు తనే ఉంటున్నానని ఆయన చెప్పాడు.

మా అమ్మకు ఒక అలవాటుంది. ఇంటికొచ్చిన ఎవరినీ ప్రార్థన చేయకుండా పంపదు. చుట్టాలనే కాదు, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే అతను కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆయన తల్లి సంగతి వినగానే అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నాన్న దగ్గాడు. నేను కళ్ళతో సైగ చేశాను. అప్పటికే ఆమె కళ్ళు మూసుకుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రములు. ఈ బిడ్డ తల్లిని నీ చేతులకు అప్పగించుచున్నాము..."

ప్రార్థనలో మా అమ్మ భాష మారిపోతుంది. బడికి సరిగా పోని మనిషి పుస్తకంలోలా మాట్లాడుతుంది. ఆ సారు కూడా కళ్ళు మూసుకున్నాడు. అమ్మ ఆమెన్ అన్నాక ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "మంచిదమ్మా" అని నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. వారం తిరక్కుండానే మా దరఖాస్తు తిరస్కరించినట్టు మెసేజ్ వచ్చింది. కుటుంబం క్రైస్తవ మతం పాటిస్తున్నదని కారణం.

నాన్న ఇంట్లో గొంతెత్తే మనిషి కాదు. ఆ రోజు మాత్రం అరిచాడు. "నీ నోరు ఊకోదా? మనసుల చేసుకుంటే దేవునికి వినవడదా?"

"ఆయన తల్లి దవాఖానల ఉన్నదన్నడు. ఎట్ల ఊకుంట?" అంది అమ్మ. ఆ పూట ఎవరం సరిగా తినలేదు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు. సారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచి వరండాలోకి వచ్చాడు.

"అన్నా, ఆమె మా అమ్మ కోసం ప్రార్థన చేసింది, నేను మర్చిపోను. కని ఓనర్ ముంగట జరిగింది. చూసినంక చూడలేదని ఎట్ల రాస్త? మళ్ళీ అప్లై చేయున్రి, మళ్ళొస్త. జర నేను అడిగిన దానికి చెప్పున్రి, గంతే."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి ఇవ్వడానికే చూస్తున్నాడు, మేమే అడ్డం పడ్డాం. తిరిగొస్తూ నాన్న ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఆటో ఆపి, టీ తాగుదామా అన్నాడు, మళ్ళీ వద్దులే అన్నాడు.

మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఇంట్లో గోడ మీద బైబిల్ వాక్యం రాసున్న క్యాలెండర్ ఉండేది. నాన్న దాన్ని తీసి బీరువా మీద బోర్లా పెట్టి, మార్కెట్లో కమీషన్ దుకాణం వాళ్ళిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్‌ను ఆ మేకుకే తగిలించాడు. అమ్మ చీర అంచు కుడుతూ ఒకసారి తల ఎత్తి చూసి మళ్ళీ దించుకుంది. సారు వచ్చినప్పుడు తనే మాట్లాడతానని, అమ్మ వంటింట్లోంచి బయటికి రావద్దని నాన్న చెప్పాడు. అమ్మ సరేనంది. తన వల్లే నా చదువు పోతుందని అప్పటికే ఆమె మనసులో పడిపోయింది. నిద్రలో కూడా మూలుగుతుండేది.

అనుకున్నట్టు జరిగితే బాగుండేది. సారు పొద్దున్నే వచ్చాడు. నాన్న ఇంకా బాటసింగారంలోనే ఉన్నాడు, ఫోన్ చేస్తే లారీలోంచి సరుకు ఇంకా దిగలేదన్నాడు. ఈసారి సారు వెంట ఓనరు బదులు ఆఫీసు మనిషి ఒకాయన వచ్చాడు. ఆగేలా లేరు. ఇంట్లో నేనూ అమ్మా మాత్రమే ఉన్నాం.

సారు కుర్చీలో కూర్చుని, గోడ వైపు చూసి, ఎవరినీ చూడకుండా అడిగాడు. "మీరు చర్చికి పోతరా?"

అడిగింది నన్నే. దరఖాస్తు నాది. చెప్పాల్సిన మాట నాకు తెలుసు, ఒకవేళ నన్నే అడిగితే అని నాన్న ముందే వల్లె వేయించాడు కూడా. నోరు తెరిచాను. అంతలో వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"లేదు సారూ. మేం హిందువులమే. చర్చికి ఎన్నడు పోలె."

ఆమె బయటికొచ్చి నా ముందు నిలబడింది. సారు రాసుకున్నాడు. కాగితం మీద సంతకం చేయమంటే, అమ్మ తన పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

"మీ అమ్మకు ఎట్లుంది సారూ?" అని అడిగింది కాగితం అందిస్తూ.

"ఇంటికి తెచ్చినం అమ్మా. నడుస్తుంది" అన్నాడాయన. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు. అమ్మ చేతులు కట్టుకుని నిలబడే ఉంది. కొంగు తల మీదికి లాక్కోలేదు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సర్టిఫికెట్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి, మేడమ్‌కు ఇచ్చి, గడువు లోపలే అప్‌లోడ్ చేయించాను. కొన్నాళ్ళకు ఫీజు మంజూరైంది. నాన్న ఆ సాయంత్రం మామిడిపండ్లు తెచ్చాడు. అమ్మ కోసి మాకు పెట్టింది, తను కూడా తిన్నది. ఇంక ఆ సంగతి అయిపోయిందనుకున్నాను.

తర్వాతి నెల మొదటి ఆదివారం సైదాబాద్‌లో మా చర్చికి వెళ్ళాం. ఒక షాపు పైన రేకుల షెడ్డులో జరిగేది. మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. రొట్టె ముక్కలున్న పళ్ళెం వరసలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళంతా ఒక్కో ముక్క తీసుకుంటారు. మనసులో తప్పు పెట్టుకున్నవాళ్ళు మాత్రం తీసుకోకుండా పక్కకు అందిస్తారు. ఎవరూ ఏమీ అడగరు, కానీ వరసంతా చూస్తుంది. జ్వరంతో ఉన్నప్పుడు కూడా ఆటోలో పడుకుని వచ్చి మరీ ఆ రొట్టె తీసుకున్న మనిషి మా అమ్మ.

పళ్ళెం ఆమె చేతికొచ్చింది. ఆమె దాన్ని అలాగే నా చేతిలో పెట్టింది. నేనూ తీసుకోకుండా పక్కావిడకు ఇవ్వబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నువ్వు తీస్కో బిడ్డా" అంది మెల్లగా. "నువ్వేం అనలేదు కద. అన్నది నేను."